ఊఁ కొట్టే హక్కు

సీరియళ్ళని తిట్టని ఇల్లు ఉండదు. సాగదీత, ఏడుపు, అత్తల కుట్రలు, మూడు వైపుల నుంచీ చూపించే ఒకే మొహం. ఇలా తిట్టేవాళ్ళలో చాలామంది అదే రాత్రి ఫోన్‌లో ఒక వెబ్ సిరీస్ ఎనిమిది భాగాలూ ఏకబిగిన చూసి, "సినిమా కంటే ఇదే నయం, పాత్రలకి టైమ్ ఇస్తారు" అంటారు. పాత్రలకి టైమ్ ఇవ్వడమే గొప్పదనమైతే, వంటింట్లోకి వినబడే సీరియల్ కూడా ఆ పనే చేస్తోంది. రెంటికీ తేడా లేదనను. తీసే తీరులో చాలా తేడా ఉంది. కానీ కథ నీతి తేలేది ఇంకోచోట అనిపిస్తుంది: వినేవాడికి మధ్యలో నోరు తెరిచే సందు ఉందా, ఆ నోటి మాట కథకుడి చెవిన పడుతుందా అన్న దగ్గర.

రోజుల తరబడి నడిచే కథ మన దగ్గర కొత్తది కాదు. పాత వరంగల్ జిల్లాని 2016 అక్టోబరులో విడదీసి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు చేశారు గానీ, కథలకి ఆ గీతలు తెలియవు. ఒగ్గుకథకి పెద్దదిక్కుగా నిలిచి 2017లో పోయిన చుక్క సత్తయ్యది జనగామ జిల్లా మాణిక్యపురం. ఒగ్గు అంటే శివుడి డమరుకం. డోలు తాళాల మీద బీరప్ప కథ, మల్లన్న కథ, ఎల్లమ్మ కథ చెబుతారు. ప్రధాన కథకుడి పక్కనున్న మనిషి ఊఁ కొడతాడు, అడ్డం వస్తాడు, "గట్లెట్లయితది?" అంటాడు. ఆ ప్రశ్న నిజానికి ఎదురుగా కూర్చున్న జనానిది. జనానికి నిద్ర వస్తుంటే కథకుడు ఒక పిట్టకథ అందుకుంటాడు. వాళ్ళ కళ్ళు చెమరిస్తే అక్కడే కాసేపు నిలబడతాడు.

జనగామకి దగ్గర్లోని చేర్యాలలో నకాషీలు గీసే పటాలదీ ఇంచుమించు ఇదే పద్ధతి. పొడవాటి బట్ట మీద అరలు అరలుగా కథ గీసి ఉంటుంది. పటం కథ చెప్పేవాళ్ళు ఒక్కో అర విప్పి చూపిస్తూ పాడతారు. మిగతా కథ చుట్టలోనే ఉంటుంది. ఇవాళ మనం ఎపిసోడ్ అంటున్నది ఆ అరనే అనుకోవచ్చు.

ఇదే జిల్లాలో పోతన పేరుతో ముడిపడిన బమ్మెర ఉంది. ఆయన తెలుగు చేసిన భాగవతంలో కథ వింటున్నవాడు చావు దగ్గరపడ్డ మనిషి. పరీక్షిత్తుకి మిగిలినవి ఏడు రోజులు. అయినా అతను శుకుణ్ణి తొందరపెట్టడు, అడుగుతాడు. చెప్పింది విని ఇంకో సందేహం బయటపెడతాడు. ఆ అడగడంతోనే కథ ముందుకి కదులుతుంది. వారంలో చావబోయేవాడు కథ వింటూ కూర్చున్నాడేమిటని మనవాళ్ళు ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. నిడివి ఒక్కటే తప్పయితే ముందు ఆ కథనే తప్పుపట్టాలి.

టీవీ వచ్చాక ఊఁ కొట్టే మనిషి తెరకి ఇవతల ఉండిపోయాడు. అలాగని నోరు మూసుకోలేదు. మహబూబాబాద్ వైపు మిరపకాయలు ఏరే రోజుల్లో చేలల్లోకి వెళ్ళి వినండి. రాత్రి సీరియల్ చూసినామె చూడనామెకి కథ చెబుతుంటుంది. తెర మీద టీవీ తెలుగులో ఏడ్చిన పాత్ర ఇక్కడికొచ్చేసరికి ఈ ఊరి యాసలో మాట్లాడుతుంది. తండాల వాళ్ళ మధ్య లంబాడీలోకి మారుతుంది. కోడలికి తెర మీద లేని ఎదురు జవాబు దొరుకుతుంది. "నేనయితే గప్పుడే మొకం మీదనే అడుగుదును" అని ఒకామె అంటే, "అడిగి యాడికి పోతవ్?" అని ఇంకొకామె అంటుంది. ఆ రెండో ప్రశ్నతో సీరియల్ పక్కకి పోతుంది. మాట్లాడుతున్నది ఇక సొంత బతుకుల గురించే. ఎవరింట్లో ఏం జరుగుతోందో పేరు పెట్టి చెప్పలేనివాళ్ళకి, ఒక పాత్ర పేరు మీద చెప్పుకునే వీలు కలుగుతుంది. అరగంట కథ ఆగి, మళ్ళీ మొదలవడానికి ఒక పగలంతా పడుతుంది కాబట్టి ఈ మాటలకి చోటు దొరికింది.

అందుకే సీరియల్ ఆకర్షణ అంతా సస్పెన్సులో ఉందంటే నేను ఒప్పుకోను. రేపు ఏం జరుగుతుందో అందరికీ సుమారుగా తెలుసు. లాగేది సావాసం. 'కార్తీక దీపం' 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరిలో ముగిసింది, మొత్తం 1,569 భాగాలు. ఈలోగా ఒకటో తరగతిలో చేరిన పిల్ల ఐదు దాటింది, కరోనా వచ్చింది, కొన్ని ఇళ్ళలో పెద్దవాళ్ళు వెళ్ళిపోయారు. వంటలక్క మాత్రం పొద్దుగూకితే వచ్చేది. నల్లగా ఉందని మాటలు పడ్డ మనిషి, వంట చేసి బిడ్డని పెంచుకున్న మనిషి. జనం ఆమెని ఊరికే దగ్గరికి తీసుకోలేదు.

సావాసం నిజమైనప్పుడు కథకుడి మీద బాధ్యత కూడా పెరుగుతుంది. ఆ కథకి ఇరుసు ఒక అనుమానం. డాక్టరైన భర్త భార్యని అనుమానిస్తాడు. ఒక పరీక్షతోనో, నలుగురిలో ఒక నిలదీతతోనో తేలిపోయే సంగతి. తేలితే కథ అయిపోతుంది, కథేమో అయిపోకూడదు. కాబట్టి దీప మాట ఎక్కడో ఒకచోట ఆగిపోవాలి, ఆగకపోతే ఎవరూ నమ్మకూడదు. భాగాల లెక్క కోసం కావలసి వచ్చిన ఈ ఎదురుచూపుకి తెర మీద ఓర్పు అని పేరు పెట్టారు. సాగదీత మీద నా అభ్యంతరం ఇక్కడ. చూసేవాళ్ళ టైమ్ పోవడం చిన్న నష్టం. ఒక వ్యాపార అవసరాన్ని ఆడదాని సుగుణం చేసి ఏళ్ళ తరబడి చూపించడం అంతకంటే చాలా పెద్దది.

"జనం చూస్తున్నారు కాబట్టే తీస్తున్నాం" అంటారు. చూస్తున్నది నిజమే. కానీ కొన్ని ఇళ్ళలో పెట్టిన మీటర్లకి తెలిసేది టీవీ ఏ ఛానల్ మీద ఉందో, ఎదురుగా ఎవరు ఉన్నారో అంతవరకే. ఆ మనిషి కళ్ళు తుడుచుకుంటోందా, తిడుతోందా, ఉల్లిపాయలు తరుగుతోందా అన్నది లెక్కలోకి రాదు. రేటింగు కూడా ఒక రకంగా ఊఁ కొట్టడమే. అయితే అందులో ఊహూఁ అనడానికి వీల్లేదు. కట్టేస్తే కథతో సావాసమే పోతుంది.

ఈ కాలపు సిరీస్‌లు ఇందులో సగం బాగుచేశాయి. 'బ్రేకింగ్ బ్యాడ్' 62 భాగాలతో, తను మొదలుపెట్టిన ప్రశ్నకి జవాబు చెప్పి 2013లో ముగిసింది. కథ ఎక్కడ ఆగాలో కథే చెప్పనివ్వడం వినేవాడికిచ్చే మర్యాద. అదే ఏడాది ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్ 'హౌస్ ఆఫ్ కార్డ్స్' 13 భాగాలూ ఒకేరోజు విడుదల చేసింది. దానివల్ల ఒక మేలు ఉంది. భూపాలపల్లి బొగ్గు గనుల్లో సెకండ్ షిఫ్టు చేసే మనిషికి సాయంత్రం సీరియల్ ఎప్పటికీ అందదు. ఫోన్‌లో కథ అతని వేళకి వస్తుంది. కానీ ఒక భాగం అయిన కాసేపటికే రెండోది దానంతటదే మొదలవుతుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. "గట్లెట్లయితది?" అన్న మాట నోటిదాకా వచ్చేలోపే జవాబు తెర మీద నడుస్తుంటుంది.

ఏది చూడాలో చెప్పే పెత్తనం నాకెందుకు గానీ, చూసినదాన్ని ఒక రాత్రి ఆపి, పొద్దున్నే పక్కవాళ్ళతో తగువు పెట్టుకోవచ్చు. ఆ తగువుకి నిలబడే కథ ఎన్ని భాగాలున్నా ఎక్కువ కాదు. నిలబడనిది ఎనిమిది భాగాల్లోనే ముగిసినా సాగదీతే. చేలో ఆ రెండో ఆమె అడిగిన ప్రశ్నకి రాసేవాళ్ళెవరూ ఇంకా జవాబు చెప్పలేదు. చెప్పాలంటే ముందు అది వాళ్ళ దాకా చేరాలి.