మూసేసిన పునాది

సంక్రాంతికి ఇంటికి సున్నం కొట్టించేటప్పుడల్లా గోడల మీది పటాలు దించి తుడవడం నా పని. వెంకటేశ్వరస్వామి, శ్రీశైల మల్లన్న, మా అత్తామామల ఫొటో, వాటి పక్కనే ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసి ముద్ర కొట్టిన ఒక కాగితం. మావారు ఇంజనీర్ల సంస్థలో సభ్యులైనట్టు ఇచ్చిన పట్టా అది.

"రిటైరై ఇన్నేళ్ళయింది, ఇంకా ఇదెందుకండీ, బీరువాలో పెడదాం" అన్నాను ఈసారి కూడా. పేపర్లోంచి తలెత్తకుండానే "ఉండనీలేవే" అన్నారు.

ఉండనిచ్చాను గానీ, తుడుస్తూ తుడుస్తూ ఆలోచనలో పడ్డాను. ఇంతకీ ఈ కాగితం వల్ల మాకు ఒరిగిందేమిటి?

ఆ సంస్థ నిన్నా మొన్నటిది కాదు. 1920లో పుట్టింది. 1935లో రాయల్ చార్టర్ అందుకుంది. ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ అంటారు. పెద్ద ఆఫీసు కలకత్తాలో. కాలేజీ చదువుకు నోచుకోక, డిప్లొమాతోనే ఉద్యోగంలో చేరిపోయిన వాళ్ళకి అది పెట్టే ఏ.ఎం.ఐ.ఇ. పరీక్షే ఆ రోజుల్లో డిగ్రీకి దారి. మావారూ ఆ దారినే వచ్చారు. పగలు సైటు, రాత్రి పుస్తకాలు. ఆయన లెక్కలు వేసుకుంటుంటే పిల్లాడు ఏడవకుండా ఎత్తుకుని వాకిట్లో తిరిగింది నేను. అంచేత ఆ పట్టాలో నాకూ కాస్త వాటా ఉందనే అనుకుంటాను.

ఏటా సెప్టెంబరు 15న ఇంజనీర్లు పండగ చేసుకుంటారు, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పుట్టినరోజని. ఆయన మైసూరు సీమలో పుట్టినా, ఇంటిపేరు మాత్రం మా పడమటి ప్రాంతానిదే. బేస్తవారిపేట దగ్గర మోక్షగుండం ఆయన పూర్వీకుల ఊరు. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచేస్తే, మళ్ళీ అట్టా జరక్కుండా ఉపాయం చెప్పమని పిలిపించింది ఆయన్నే. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ ఆలోచన ఫలమే. ఇదంతా పిల్లల పాఠాల్లో ఉంటుంది. నాకు గుచ్చుకునేది వేరే సంగతి. 1912లో మైసూరు దివాన్ అయ్యే ముందు, సిఫారసుల కోసం ఎవరూ తన దగ్గరికి రాకూడదని తల్లి దగ్గరా, చుట్టాల దగ్గరా మాట తీసుకున్నారని చెప్పుకుంటారు. ఆ తల్లి సరేనందట. మరి నేనో?

చాలా ఏళ్ళ కిందటి మాట. ఏ ఊరు, ఏ ఆఫీసు అన్నది అనవసరం. ఒక వాగు మీద కల్వర్టు కడుతున్నారు. పునాది తవ్వాల్సినంత లోతు తవ్వకుండానే కాంక్రీటు పోసి పూడ్చేశారు. పూర్తి లోతు తవ్వినట్టు ఎం-బుక్కులో రాసి సంతకం పెట్టమన్నారు. ఈయన పెట్టనన్నారు. నాలుగు రోజులు ఇంట్లో అన్నం సయించలేదు. చివరికి నేనే అన్నాను, "అందరూ చేసేదేగదండీ, మీరొక్కరే లోకాన్ని ఉద్ధరించాలా? పూడ్చేసింది ఇంకెవరికి కనపడుద్ది?"

ఆయన నావైపు చూసి, "కనపడదనే గదే నన్ను రాయమంటోంది" అన్నారు.

నెల తిరక్కుండా బదిలీ అయింది. సంవత్సరం మధ్యలో పిల్లల బడి మారింది. వారం రోజులు నేను మాట్లాడలేదు. ఆ మౌనం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మరి ఆ సంస్థ ఏం చేసింది అంటారా? బదిలీ ఆపడం దాని పనీ కాదు, దానికా అధికారమూ లేదు. తప్పు చేసిన డాక్టరు వైద్యం చెయ్యకుండా మెడికల్ కౌన్సిలూ, లాయరు కోర్టుకెక్కకుండా బార్ కౌన్సిలూ ఆపగలవు. ఇంజనీర్ల సంస్థ తన సభ్యత్వం తీసెయ్యగలదేమో గానీ, ఎవర్నీ పనిలోంచి తప్పించలేదు. అయితే కొత్త ఊళ్ళో మేం సామాన్లు విప్పకముందే, అదే సభ్యత్వం ఉన్న ఒక పెద్దాయన వెతుక్కుంటూ వచ్చారు. కాఫీ తాగి, సంగతంతా విని, "నేనైనా పెట్టేవాణ్ణి కాదు" అని వెళ్ళిపోయారు. అంతే. ఆ రాత్రి ఈయన హాయిగా నిద్రపోయారు. నేనివ్వాల్సిన మాట పరాయి మనిషి ఇచ్చి వెళ్ళాడు.

మొన్న వేసవిలో మా చెల్లెలి కొడుకు కెనడా నుంచి వచ్చాడు. చిటికెన వేలికి వన్నెలేని ఉంగరం. "ఏందిరా, వెండిదా?" అంటే, "ఇనుముది పెద్దమ్మా" అన్నాడు. అక్కడ ఇంజనీరింగు పూర్తయినవాళ్ళు ప్రమాణం చేసి, రాసే చేతికి అది పెట్టుకుంటారట. 1925 నుంచీ ఉన్న ఆచారం. 1907లో క్విబెక్ దగ్గర కడుతూ కడుతూ ఉన్న వంతెన కూలి 75 మంది పనివాళ్ళు పోయిన సంగతి కూడా వాడే చెప్పాడు. సంతకం పెట్టేటప్పుడల్లా ఉంగరం కాగితానికి తగులుతుందట. మన మెట్టెలూ మంగళసూత్రాలూ లాంటిదే కాబోలు. ఎవరూ చూడని చోట కూడా మాట గుర్తుచెయ్యడానికి!

పచ్చట్లో ఉప్పు తగ్గితే పది రోజుల్లో బూజుపట్టి బయటపడుతుంది. పునాదిలో లోతు తగ్గితే ఏ ఇరవయ్యేళ్ళకో, ఏ వరదకో గానీ బయటపడదు. అప్పటికి చేసినవాడు రిటైరై మనవలతో ఆడుకుంటుంటాడు. మా దోర్నాల వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన జరిగితే, కృష్ణ నీళ్ళు కొల్లంవాగు దగ్గర్నుంచి ఇటు రావడానికి కొండల్లో తవ్విన రెండు సొరంగాల్లో మొదటిది 2021లో, రెండోది 2024లో పూర్తయ్యాయి. ఒక్కోటీ 18 కిలోమీటర్ల పైమాటే. ఫ్లోరైడు నీళ్ళు తాగి తాగి అలిసిన ఊళ్ళు కాచుకున్నాయి వాటికోసం. ఆ చీకట్లో ఏం జరిగిందో మనలో ఎవరు వెళ్ళి చూడగలరు? ఎవరో చూసి, కొలిచి, ఉన్నది ఉన్నట్టు రాశారని నమ్మడమే.

ఆ నమ్మకాన్ని ఒక్క మనిషి మంచితనం మీదే మోపడం న్యాయం కాదనిపిస్తుంది నాకు. విశ్వేశ్వరయ్యలు ఊరికొకరు పుట్టరు. మామూలు జీతం, మామూలు భయాలు ఉన్నవాడు కూడా "పెట్టను" అనాలంటే, "నేనైనా పెట్టను" అనేవాళ్ళు ఇంకో పదిమంది ఉండాలి. సంస్థలున్నది అందుకే. ఇంట్లో ఒకరుంటే మరీ మంచిది.

పటం తుడిచి మళ్ళీ మేకుకి తగిలించాను. సాయంత్రం పక్కింటావిడ వచ్చింది. వాళ్ళమ్మాయికి సివిల్లో సీటొచ్చింది.

"జీతాలు ఎట్టా ఉంటాయి వదినా?" అంది.

"జీతం సంగతి తర్వాత. సంతకం పెట్టనని ఇంటికొచ్చే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు నేనన్నట్టు మాత్రం అనబాక" అన్నాను.

ఆవిడకి అర్థం కాలేదు. లోపల పేపరు మడిచిన చప్పుడైంది.