పగడాల పాపం

మా అమ్మాయి పెళ్ళికి నల్లపూసలు గుచ్చిద్దామని పాత పెట్టె తీస్తే, మా అత్తగారి నాటి పగడాలు రెండు చేతికి తగిలాయి. "ఇవి ప్రాణమున్న జీవుల గూళ్ళమ్మా, పాపం కాదూ?" అంది పిల్ల. ఈ కాలం చదువులు!

ఆ మాటకొస్తే మనం మెళ్ళో వేసుకునే ఎర్ర పగడం ఎక్కువగా మధ్యధరా సముద్రంలోది. పగడపు దిబ్బలు కట్టేవి వేరే జాతులు. హమ్మయ్య అనుకున్నానుగానీ, ఆ దిబ్బల సంగతి చదివాక మనసు కుదుటపడలేదు.

దిబ్బ కట్టేది చిన్న పురుగులాంటి జీవి. తన ఒంట్లోనే, కంటికి ఆనని నాచుకి చోటిస్తుంది. నాచు ఎండతో వంట చేసి పెడుతుంది. అద్దె అన్నమాట! రంగు కూడా చాలావరకు దాని చలవే. వేసవిలో నీళ్ళు మామూలు కంటే ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు అలాగే ఉంటే ఇద్దరికీ పొసగదు. నాచు బయటికి పోతుంది, పగడం తెల్లబోతుంది. నీళ్ళు త్వరగా చల్లబడ్డాయా, బతుకుతుంది. లేదా, ఆకలితో చస్తుంది. సముద్రగర్భంలో నూటికొక వంతు కూడా లేని ఈ దిబ్బల్ని నమ్ముకుని సముద్రజీవుల్లో పావువంతు జాతులు బతుకుతున్నాయట.

తమిళనాడులో తూత్తుకుడి వైపు, మన్నారు సింధుశాఖలో 21 దీవులుండేవి. సున్నం కోసం జనం పడవల్లో వెళ్ళి, గడ్డపలుగులతో ఏళ్ళ తరబడి ఆ దిబ్బల్ని తవ్వుకొచ్చారు. రెండు దీవులు నీట మునిగాయి. 2001లో పగడాలను వన్యప్రాణి చట్టంలో పులితో సమానంగా చేర్చారు. గడ్డపలుగు పట్టినవాడు కనిపిస్తాడు కనక, వద్దనడం సాధ్యమైంది.

మరి 1998లో, 2010లో, 2016లో అక్కడే వేడికి పగడాలు తెల్లబడ్డాయే, అప్పుడు గడ్డపలుగు ఎవరి చేతిలో ఉంది? బొగ్గు, పెట్రోలు తగలేసే లోకమంతటి చేతిలోనూను. మా ఇంటి కరెంటూ అందులోదే. "అందరి తప్పూ ఎవరి తప్పూ కాదోయ్" అన్నారు మావారు. మా ఒక్క ఏసీ ఆపితే సముద్రం చల్లబడుతుందా, అని.

చల్లబడదు, నిజమే. కానీ ఆ పడవవాడూ ఒక్కడే కదా! అతనొక్కడు మానేసినా దీవి మునిగేదే. అయినా అతన్ని తప్పుబట్టాం. అతను వెళ్ళింది పూట గడవక. నాకు అదీ లేదు.

పగడాలు గుచ్చడానికిచ్చేశాను. రాత్రి పిల్ల ఏసీ వెయ్యబోతే, కిటికీలు తీద్దామే అన్నాను.

"దోమలమ్మా" అంది.

నిజమే, దోమలున్నాయి.