పండుగ బల్ల చుట్టూ ఎవరు?



పిల్లలు అమెరికాలో చదువుకొంటూనో, ఉద్యోగాలు చేసుకొంటూనో ఉన్న కుటుంబాలు ఈనాడు మన విచారణల్లో చాలా ఉన్నాయి. మన తెలుగు గురువులు కూడా కొందరు అక్కడి మేత్రాసనాల్లో సేవ చేస్తున్నారు. క్రిస్మసుకో, పాస్కా పండుగకో అక్కడి విచారణ కుటుంబం ఒకటి, ఇంటికి దూరంగా ఉన్న మన అబ్బాయినో అమ్మాయినో భోజనానికి పిలుస్తుంది. బల్ల మధ్యన పెద్ద పళ్ళెంలో ఎర్రగా నిగనిగలాడుతూ ఒక మాంసపు దిమ్మ ఉంటుంది. దానిని వారు 'హామ్' అంటారు. అది పంది వెనుక కాలి తొడ. మన పిల్లలు ఆ బల్ల ఫొటో తీసి ఇంటికి పంపుతారు. మనం దానిని చుట్టాలకు చూపించి మురిసిపోతాం.

ఈ వారం ఆ పళ్ళెం గురించే కొంచెం ధ్యానిద్దాం. వంటతో మొదలుపెట్టినా మన మాట వంటింట్లోనే ఆగిపోదు.

ఉప్పు ముందు, తీపి తరువాత

హామ్ ఒక్క పూటలో తయారయ్యే వంట కాదు. ముందుగా ఆ తొడను ఉప్పులోనో ఉప్పునీటిలోనో ఊరబెడతారు. తరువాత చాలాచోట్ల పొగబెడతారు. ఈ రోజుల్లో అమెరికా అంగళ్ళలో దొరికేవి ఎక్కువగా ఇలా ఊరబెట్టి, ఉడికించి అమ్మేవే. ఇంట్లో చేయవలసింది దానిని నెమ్మదిగా, లోపలిదాకా వేడిచేయడమే. లోతైన పళ్ళెంలో తొడను పెట్టి, అడుగున కొంచెం నీళ్ళు పోసి, ఎండిపోకుండా పైన అల్యూమినియం రేకు కప్పి ఓవెన్‌లో పెడతారు. ఓవెన్ వేడి ఫారెన్‌హీట్ లెక్కలో 325 డిగ్రీలు. మన సెంటిగ్రేడు లెక్కలో సుమారు 160. నాలుగు కిలోల తొడకు రెండు గంటల పైనే పడుతుంది.

తరువాత పైనున్న కొవ్వు మీద కత్తితో ఏటవాలుగా గీతలు గీసి, జీడిపప్పు బర్ఫీ ముక్కల్లాంటి గళ్ళు చేస్తారు. ఒక్కొక్క గడిలో ఒక లవంగం గుచ్చుతారు. బెల్లపు రంగు చక్కెర, తేనె, ఆవముద్ద కలిపిన పాకాన్ని పైన పూస్తారు. నిగనిగలాడేది ఆ పాకమే. అయితే దానిని పూయడానికి ఒక సమయం ఉంది. చివరి అరగంటలోనే పూయాలి. తొందరపడి మొదటే పూస్తే చక్కెర మాడి చేదెక్కుతుంది. పైన నల్లబడుతుంది, లోపల చల్లగానే ఉంటుంది.

మన తల్లి శ్రీసభ తపస్సుకాలంలో నేర్పే పాఠం కూడా ఇదే గదా! ఉప్పు ముందు, తీపి తరువాత. ఉపవాసం, పశ్చాత్తాపం, పాపసంకీర్తనం లేకుండా కొత్తబట్టలతో, బిరియానీతో మొదలయ్యే పండుగ పైన మాత్రమే మెరుస్తుంది.

నిజానికి ఈ వంటకం తపస్సుకాలంతో ముడిపడి పెరిగినదే. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో ఐరోపా రైతులు చలి మొదలవుతూనే పందిని కోసి, తొడలను ఉప్పులో ఊరబెట్టి, శీతాకాలమంతా వ్రేలాడదీసేవారు. వసంతకాలానికి అవి తినడానికి సిద్ధమయ్యేవి. మధ్యయుగాల్లో క్రైస్తవులు తపస్సుకాలం పొడవునా మాంసం ముట్టేవారు కాదు. చాలాచోట్ల గుడ్లు, పాలు కూడా మానేవారు. అందువల్ల పునరుత్థాన పండుగనాడు ఇంటిల్లిపాదీ కూర్చుని తిన్న ఆ మాంసం ఒక నిరీక్షణకు ముగింపు. పోలండు దేశంలో నేటికీ పవిత్ర శనివారంనాడు కుటుంబాలు చిన్న బుట్టల్లో గుడ్లు, రొట్టె, ఉప్పు, హామ్ పెట్టుకొని దేవాలయానికి తెస్తాయి. గురువు వాటిని ఆశీర్వదిస్తారు. పాస్కా ఉదయం ఆ ఆశీర్వాదపు ఆహారాన్ని అందరూ పంచుకొని తింటారు. వలస వెళ్ళిన పోలండువారు ఆ ఆచారాన్ని చికాగో వంటి అమెరికా నగరాలకు వెంట తీసుకువెళ్ళారు.

పేతురు చూచిన దుప్పటి

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. నజరేతులో మరియతల్లి వంటింట్లో ఈ మాంసం ఎన్నడూ ఉడకలేదు. పంది గిట్టలు చీలినదైనా నెమరువేయదు కాబట్టి అపవిత్రమని లేవీయకాండము 11వ అధ్యాయం నిర్ణయించింది. మక్కబీయుల రెండవ గ్రంథం 6వ అధ్యాయంలో 90 ఏండ్ల వృద్ధుడు ఎలియాసరు కనబడతాడు. తనకు తగిన మాంసమే తెచ్చుకొని, రాజు చెప్పిన పందిమాంసం తిన్నట్లు నటిస్తే చాలు, ప్రాణం దక్కుతుందని తెలిసినవారు చెవిలో చెప్పారు. యువకులకు చెడ్డ మాదిరి చూపలేనని ఆ పెద్దాయన చావునే ఎన్నుకొన్నాడు. తరువాతి అధ్యాయంలో ఒక తల్లి, ఆమె ఏడుగురు కుమారులు ఇదే కారణంగా ప్రాణాలిచ్చారు. ఇంతమంది రక్తం కార్చి కాదన్న మాంసం క్రైస్తవుల పండుగ బల్లమీదికి ఎలా వచ్చింది? నాలుక రుచికోసం వచ్చిందా?

దానికి జవాబు అపోస్తలుల కార్యములు 10వ అధ్యాయంలో ఉంది. ఆ రోజు పేతురు యొప్పా పట్టణంలో ఉన్నాడు. ఎవరి ఇంట్లో? సముద్రం ఒడ్డున సీమోను అనే వాని ఇంట్లో. ఆ సీమోను తోళ్ళు ఊనేవాడు. చచ్చిన పశువుల చర్మాలతో పని కాబట్టి యూదులు ఆ వృత్తిని చిన్నచూపు చూచేవారు. మన ఊళ్ళలో తోలుపని అన్న మాటకు ఎంత అర్థముందో మీకు విడమరచి చెప్పనక్కరలేదు. పేతురు ఆ ఇంట్లో చాలా రోజులున్నాడు, ఆ ఇంటి అన్నమే తిన్నాడు. ఆ ఇంటి మిద్దెమీదనే దేవుడు ఆయన కళ్ళు తెరిచాడు.

మిట్టమధ్యాహ్నం. ఆకలి వేస్తోంది. క్రింద వంట జరుగుతోంది. అప్పుడు నాలుగు చెంగులు పట్టి దించిన పెద్ద దుప్పటి ఒకటి ఆకాశంనుండి దిగింది. అందులో అన్ని రకాల జంతువులు ఉన్నాయి. కోసుకొని తినుమని స్వరం వినిపించింది. అపవిత్రమైనది ఎన్నడూ ముట్టలేదని పేతురు మొండికేశాడు. దేవుడు పవిత్రం చేసినదానిని నీవు అపవిత్రమనవద్దని స్వరం తిరిగి చెప్పింది. ఇలా ఒకసారి కాదు, మూడుసార్లు జరిగింది. అర్థంకాక పేతురు ఆలోచిస్తుండగానే వాకిట ముగ్గురు మనుషులు నిలబడి పిలిచారు. కైసరయలో ఉన్న రోమా సైన్యపు శతాధిపతి కొర్నేలి పంపినవారు వారు. అన్యజాతి ఇంటినుండి వచ్చినవారు. పేతురు వారిని లోపలికి పిలిచి ఆ రాత్రి ఆతిథ్యమిచ్చాడు. మరునాడు వారితో బయలుదేరి, దాదాపు 50 కిలోమీటర్ల దూరంలోని కైసరయకు వెళ్ళి కొర్నేలి గడప దాటాడు.

గడప దాటగానే పేతురు చెప్పిన మాటేమిటి? ఏ మనిషినీ అపవిత్రుడని, అంటరానివాడని అనకూడదని దేవుడు తనకు చూపించాడని చెప్పాడు. గమనించారా? దుప్పటిలో కనబడినవి జంతువులు. పేతురు అర్థం చేసుకొన్నది మనుషులను. ఆ దర్శనం మన వంటింటి జాబితా పెంచడానికి రాలేదు. మన బల్లకు కుర్చీలు పెంచడానికి వచ్చింది.

అంతియొకయలో పడిన పంక్తి భేదం

యెరూషలేముకు తిరిగి రాగానే పేతురుమీద నేరం మోపారు. కొర్నేలికి జ్ఞానస్నానం ఎందుకిచ్చావని కాదు వారడిగింది. సున్నతి లేనివారి ఇంటికి వెళ్ళి వారితో కలిసి ఎందుకు తిన్నావని అడిగారు. జ్ఞానస్నానం కంటే సహపంక్తి భోజనమే వారికి గొంతున అడ్డుపడింది!

ఆ రోజు పేతురు ధైర్యంగా జవాబిచ్చాడు. కాని గలతీయులకు వ్రాసిన లేఖ 2వ అధ్యాయం మరో రోజు సంగతి చెబుతుంది. అంతియొకయలో పేతురు అన్యజాతి క్రైస్తవులతో కలిసి తింటూ ఉండేవాడు. యాకోబు దగ్గరనుండి కొందరు రాగానే వారికి జంకి, మెల్లగా ఆ పంక్తినుండి తప్పుకొన్నాడు. ఆయనను చూచి మిగతా యూద క్రైస్తవులూ తప్పుకొన్నారు. మంచివాడైన బర్నబా కూడా ఆ గాలికి కొట్టుకుపోయాడు. అప్పుడు పౌలు అందరి ఎదుటా పేతురును నిలదీశాడు. ఇది మర్యాదకు సంబంధించిన విషయమని పౌలు ఊరుకోలేదు. సువార్త సత్యమే దెబ్బతింటున్నదని అన్నాడు. దర్శనం పొందిన పేతురుకే నలుగురి చూపులంటే భయం వేసినప్పుడు, మనం మనల్ని పరీక్షించుకోనక్కరలేదా?

మన బల్లల సంగతి

మన పల్లెల్లో పందిమాంసం అన్న మాట ఒక కూర పేరుగా మిగలలేదు. ఎవరు ఏది తింటారన్నదాన్నిబట్టి మనిషికి విలువ కట్టే అలవాటు తరతరాలుగా వచ్చింది. "వాళ్ళు అది తినేవాళ్ళు" అని ముక్కు చిట్లించిన నోళ్ళలో మన కతోలికుల నోళ్ళూ ఉన్నాయి. ఇప్పుడు ఒక్కసారి ఆ ఫొటోను గుర్తుచేసుకోండి. అమెరికాలో తెల్లవారి ఓవెన్‌లో కాలిన పంది తొడ మనకు గౌరవమా? మన పేటలో, మనతోపాటు జ్ఞానస్నానం పొందిన సహోదరుని పొయ్యిమీద ఉడికిన అదే మాంసం అవమానమా? జంతువు ఒక్కటే. ఉప్పు ఒక్కటే. తేడా చూపించింది మాంసంలోని అపవిత్రత కాదు, మన కళ్ళలోని కులం.

ఆదివారం దివ్యబలిపూజలో ఒకే పాత్రనుండి దివ్యసత్ప్రసాదం లోకొంటాం. బయటికి రాగానే విచారణ పండుగ భోజనాల దగ్గర ఎవరి వరుస వారిదవుతుంది. పెండ్లి పిలుపు వస్తుంది, కాని విస్తరి దూరంగా పడుతుంది. అటువైపు ఇంటికి ప్రార్థనకు వెళతాం, మంచినీళ్ళు ఇస్తే "ఇప్పుడే తాగి వచ్చాం" అంటాం. ఇది ఎక్కడో జరిగే సంగతి కాదు. భారత పీఠాధిపతుల సమాఖ్య 2016లో దళితుల సాధికారతపై విధానపత్రం వెలువరించి, శ్రీసభలోనే వివక్ష ఉన్నదని బాహాటంగా ఒప్పుకొన్నది. 2022 ఆగస్టు 27న పోపు ఫ్రాన్సిస్ గారు హైదరాబాదు అగ్రపీఠాధిపతులు పూల ఆంథోనిగారిని కార్డినల్ చేసినప్పుడు మన తెలుగు విచారణలన్నీ సంబరపడ్డాయి. దళిత సమాజంనుండి ఆ పదవిని పొందిన మొదటివారు వారే. ఆ రోజు చప్పట్లు కొట్టిన చేతులు, తమ ఊరి దళిత సహోదరుని ఇంట్లో అన్నం కలిపాయా? కార్డినల్‌గారి ఉంగరాన్ని ముద్దుపెట్టుకోవడం సులభం. పక్క వీధిలో పీటవేసుకొని కూర్చోవడమే కష్టం.

"మాకు ఆ మాంసం పడదు, అలవాటు లేదు" అని మీరనవచ్చు. అందులో పాపమేమీ లేదు. తినేవాడు తిననివానిని తృణీకరించకూడదని, తిననివాడు తినేవానికి తీర్పు తీర్చకూడదని రోమీయులకు వ్రాసిన లేఖ 14వ అధ్యాయం బోధిస్తుంది. తన భోజనం సహోదరునికి ఆటంకమైతే మాంసమే మానుకొంటానన్నవాడు పౌలు. పండుగకు ముస్లిం స్నేహితుణ్ణి పిలిస్తే ఆయన మనసు నొప్పించని వంట చేయడం మన ధర్మం. కూర వద్దనడానికి మీకు హక్కుంది. మనిషిని వద్దనడానికి మాత్రం జ్ఞానస్నానం పొందిన ఎవరికీ హక్కు లేదు.

కాబట్టి రాబోయే పండుగకు మూడు చిన్న పనులు చేద్దాం.

మొదటిది: మీ ఇంట్లో ఎన్నడూ భోంచేయని ఒక విచారణ కుటుంబాన్ని పిలవండి. వరండాలో కాదు, మీ పక్కన కూర్చోబెట్టండి. మీరు తినే కంచాల్లోనే వడ్డించండి.

రెండవది: వారు పిలిస్తే వెళ్ళండి. ఇది మొదటిదానికంటే కష్టం. పెట్టేవాని స్థానంలో మనం పెద్దవాళ్ళం. తినేవాని స్థానంలో సమానులం. పేతురు కొర్నేలిని తన దగ్గరకు రప్పించుకోలేదు, తానే వెళ్ళి కొన్నిరోజులు అక్కడ ఉన్నాడు.

మూడవది: విచారణ పండుగ భోజనాలకు ఒకే వంట, ఒకే వరుస ఉండేటట్లు పెద్దలు, ఉపదేశులు, యువజనులు కలిసి ముందే అనుకోండి. ఎవరైనా అలిగి లేచి వెళ్ళిపోతే వెళ్ళనివ్వండి. వారి కోపానికి జంకి మనం లేస్తే, అంతియొకయ మన ఊళ్ళోనే మళ్ళీ జరిగినట్లు.

పిల్లలు చూస్తుంటారని మరువవద్దు. దూరదేశంలో కులం అడగని ఒక కుటుంబం మీ బిడ్డను పిలిచి, హామ్ కోసి మొదటి ముక్క ఆ బిడ్డ కంచంలోనే వేసింది. ఆ ఋణం తీర్చుకోవడానికి అమెరికా వెళ్ళనక్కరలేదు.

ప్రార్థన: యొప్పాలో తోళ్ళు ఊనేవాని మిద్దెపై పేతురు కన్నులు తెరచిన ప్రభువా, మా కన్నులు కూడ తెరువుము. నీ బలిపీఠము చెంత మమ్ములను ఒకటిగా కూర్చితివి. మా ఇంటి బల్లల చెంతను, మా విందు పంక్తులలోను విడిపోకుండునట్లు మమ్ము కాపాడుము. పిలిచే మనసును, పిలిచినచోటికి వెళ్ళే వినయమును మా కుటుంబములకు దయచేయుము. ఆమెన్.