విల్లు విరిచినదెవరు?

పెనుగొలను, తిరువూరు ప్రాంతములనుండి భద్రాచలయాత్ర చేయు భక్తులకు ధనుస్సు లేని రామమూర్తి ఊహకందదు. ఆ స్వామి మిథిలలో విల్లు విరిచిన కథ పసిబిడ్డలకును తెలిసినదే. ఎనిమిది చక్రముల మంజూషను అయిదువేలమంది లాగితెచ్చిరి. రాముడు ఎక్కుపెట్టి ఆకర్షింపగనే ధనుస్సు నడిమికి విరిగెను.

అటుపిమ్మటి ఘట్టమును చదువరులు త్వరగా దాటిపోవుదురు. దారిలో ఎదురైన పరశురాముడు ఏమనెను? విశ్వకర్మ రెండు ధనుస్సులు నిర్మించెననియు, హరిహరుల పోరులో విష్ణువు హుంకారముచే శివధనుస్సు సడలెననియు, అదియే విదేహరాజైన దేవరాతునికి సంక్రమించెననియు చెప్పెను. అనగా విల్లు విరిగినది జనకుని సభలో. సడలినది తరతరముల పూర్వము!

ఇది వింతగా తోచినవారు నేటి విలుకాండ్రనడుగవచ్చును. విజయవాడ యువకుడు బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పట్టినది రికర్వ్ విల్లు. దీని కొనలు విలుకానికి ఎదురుదిక్కునకు వంగియుండును. ఇట్టి విండ్ల బద్దలు కొయ్యపైననో, నురుగువంటి గట్టి పదార్థముపైననో కార్బన్, గాజునారల పొరలను బంకతో అతికించి చేసినవి. శ్రద్ధగా వాడినచో వేలకొలది బాణములకును చెక్కుచెదరవు. కాని బాణము లేకయే నారి లాగి వదలినచో, బాణముతో పోవలసిన బలము బద్దలలోనికే మరలును. మూసిన కారులో ఎండవేడికి బంక సడలుటయు గలదు. విల్లు అప్పుడే విరుగకపోవచ్చును. కంటికానని పగులు మిగులును. కొన్నాళ్లకు వేరొక బాలుడు లాగినప్పుడు ఫెళ్లుమనును, నింద వానిది. అందుచేతనే జాగరూకులు బద్దలవెంట దూది రాచి, పోగు తగులుకొనునేమో చూతురు.

గృహములలో ఈ పరీక్ష చేయువారు అరుదు. అన్నదమ్ముల నడుమ ఇరువదియేండ్లుగా లోలోపల పగిలియున్న పొత్తు, కొత్తకోడలి ఒక్క మాటకు తెగును. ఊరివారందరు ఆమెయే విరిచినదందురు. ఆ మాటకు ఆమె బాధ్యురాలే. ఇరువదియేండ్ల పగులునకు కాదు. రెంటిని కలిపి ఆమె తలపై మోపుట అధర్మము.

అట్లయిన రాముని పరాక్రమమునకు కొరత కలిగినదా? పరశురాముని శంక అదియే. సడలని వైష్ణవధనుస్సును అందించి, దీనిని ఎక్కుపెట్టుమనెను. రాముడు ఎక్కుపెట్టెను, అది విరుగలేదు. సంధించిన శరము వ్యర్థము కారాదని, పరశురాముని గమనశక్తినా, తపస్సుచే గెలిచిన లోకములనా, దేనిని కొట్టవలెనని అడిగెను. ఆయన లోకములను చూపెను. శరము అచ్చటికే పోయెను. పిదప రాముడు ఆ ధనుస్సును వరుణుని చేతికిచ్చెను.