సుంకము లేని బాట

మనుష్యుడు ధనమిచ్చుటకు మూడు కారణములు కలవు. ఇయ్యకున్న దారి మూయబడునని ఇచ్చుట మొదటిది. ఇచ్చినదానికి బదులు దొరకునని ఇచ్చుట రెండవది. ఈయవలసినదని తోచి ఇచ్చుట మూడవది. మొదటిది సుంకము, రెండవది బేరము, మూడవది దానము. లోకవ్యవహారమంతయు ఇంచుమించు మొదటి రెంటితోనే జరిగిపోవుచుండును. మూడవదానికి మన దినచర్యలో ఎంత చోటు కలదో తెలియజేయు పరీక్ష యొకటి నేటికాలమున మనకు ఎదురైనది.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున, దుర్గ్ జిల్లాలో, రాయపూర్‌నకును భిలాయికిని నడుమ కుమ్హారి యను పట్టణము కలదు. పేరు వినగానే తెలుగువానికి కుమ్మరి జ్ఞప్తికి వచ్చును. హిందీలో కుమ్హార్ అనగా కుమ్మరియే. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ భిలాయి ఉక్కు కర్మాగారమున మొదటి కొలిమిని ప్రారంభించిన నాటినుండి, బ్రతుకుతెరువునకై ఈ ప్రాంతమునకు వచ్చి స్థిరపడినవారిలో తెలుగు కుటుంబములును ఎన్నో కలవు. కుమ్హారివద్ద జాతీయరహదారిపై టోలుగేటు నడచియుండుట ఆ దారిని పోయినవారికి తెలిసినదే. అచట రుసుము చెల్లించినవాడెవ్వడును తాను దానము చేసితినని తలపడు.

కాని ఆ సీమలోనే పుష్యపూర్ణిమనాడు ఛేర్‌ఛేరా యను పండుగ జరుగును. క్రొత్త ధాన్యము ఇల్లు చేరిన దినములవి. పిల్లలును పెద్దలును గుంపులుగా ఇంటింటికి పోయి ధాన్యమడుగుదురు. గృహస్థులు దోసిలినిండ పెట్టుదురు. ఆనాడు అడుగుట అవమానము కాదు, ఇచ్చుట ఘనత కాదు. మన పల్లెలలో ధనుర్మాసమున వచ్చు హరిదాసును తలచుకొనుడు. ఆయన నోరు తెరచి యాచింపడు. తలమీది అక్షయపాత్రతో వాకిట వంగును. ఇంటిబిడ్డ గుప్పెడు బియ్యము పోయును. పోయని ఇంటిని ఆయన నిందింపడు, పోసిన ఇంటికి లెక్క వ్రాయడు.

గేటును, ఛేర్‌ఛేరాయు ఒకే సీమలో ఉన్నట్లే, నేడు జనులు పరస్పరము సంభాషించుకొను సాంఘికమాధ్యమములలోను రెండు పద్ధతులు కలవు. పెద్ద సంస్థలు నడుపు మాధ్యమములలో రుసుము లేనట్లు కనబడును; వాస్తవమున మన చూపును, మన తీరికను ప్రకటనదారులకు అమ్మి ఆ సంస్థలు వెల రాబట్టుకొనును. రెండవది వికేంద్రీకృతపద్ధతి. 2016లో జర్మనీలో యూజెన్ రోచ్‌కో వెలువరించిన మాస్టొడాన్ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణము. దీనికి ఒకే కేంద్రము లేదు. ఊరూర తపాలాకచేరీలున్నట్లు, వేరువేరు వ్యక్తులును సంఘములును తమ తమ సర్వర్లను నడుపుచుందురు. ఒక సర్వరులోనివారు మరియొక సర్వరులోనివారికి వ్రాయవచ్చును. ఈ రాకపోకలకు ఆధారమైన ఆక్టివిటీపబ్ అను నియమావళి 2018 జనవరిలో అంతర్జాతీయప్రమాణముగా అంగీకరింపబడినది. ఇచట సాధారణముగా ప్రకటనలుండవు, ప్రవేశరుసుముండదు. అట్లయిన యంత్రముల అద్దె, రాత్రింబవళ్లు కాపుకాయువాని శ్రమ ఎట్లు గడచును? చాలవరకు, ఇష్టపడి ఇచ్చువారి చిన్నచిన్న మొత్తములతోనే గడచును.

ఈ పద్ధతి మనకు వింత కాదు. తెలుగుదేశమున వారములు చేసికొని చదువుకొన్న విద్యార్థులు ఎందరో కలరు. సోమవారము ఒక ఇంట భోజనము, మంగళవారము వేరొక ఇంట. ఏ గృహస్థునకును అది భారము కాలేదు. ఏ గృహస్థుడును ఆ బాలునకు యజమాని కాలేదు. ధనికుడొక్కడే ఏడుదినములును పోషించియుండినచో, బాలుడు అతని చాకిరికో, అతని అభిప్రాయములకో లోబడవలసి వచ్చెడిది. ఏడిండ్లవారు పంచుకొనుటచే విద్య తలయెత్తుకొని నిలచినది. అయితే ఆ ఏర్పాటున ఒక బలహీనతయు కలదు. ఒక ఇంటివారు ‘నేడు మరెవరైన పెట్టియుందురులే’ అని తలచిన దినమున ఆ బాలుడు పస్తుండవలసినదే. అందరిదియైన బాధ్యత ఎవ్వరిదియు కాకపోవుటకు ఎంతోసేపు పట్టదు.

ఈ పస్తులు నేటి మాధ్యమములలోను కనబడుచున్నవి. మాస్టొడాన్.టెక్నాలజీ యను సర్వరును నడుపుచుండిన నిర్వాహకుడు, కుటుంబపు ఇబ్బందుల నడుమ ఆ భారమునకు తన కాలము చాలదని 2022 అక్టోబరులో తెలియజేసెను; డిసెంబరులో అది మూతపడినది. ఆ అక్టోబరు చివరనే ట్విట్టర్ చేతులు మారగా, క్రొత్తవారు లక్షలకొలది మాస్టొడాన్‌నకు తరలివచ్చుచుండిన దినములవి. అతిథులు వచ్చువేళకు ఒక సత్రపు తలుపు మూయబడినది. ఇందు ధనపు కొరతకంటె మనుష్యుని ఓపికకు కలిగిన కొరతయే పెద్దది. చలివేంద్రమున దప్పిక తీర్చుకొనువారు వేయిమంది. కుండ నింపువాడు ఒక్కడు. వేయిమందిలో పదిమందియైన బిందె పట్టనిచో, ఆ ఒక్కని నడుము ఎన్నాళ్లు నిలుచును? 2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియా నేటికిని పెరుగుచున్నదన్న, జీతము కోరని చేతులు కొన్ని ఆ బిందెను మోయుచుండుటచేతనే.

ఈయకుండుటలో దోషమున్నట్లే, ఇచ్చుటలోను ప్రమాదము కలదు. 2020లో నాస్టర్ అను మరియొక వికేంద్రీకృతమాధ్యమము ఆరంభమైనది. దానిలో 2023నుండి ‘జాప్’ అను ఏర్పాటు వాడుకలోనికి వచ్చినది. ఒకరి మాట నచ్చిన చదువరి అప్పటికప్పుడే బిట్‌కాయిన్‌లో అత్యల్పభాగమును వారికి పంపవచ్చును. ఒక బిట్‌కాయిన్‌ను పదికోట్ల పాళ్లు చేసిన అందొక పాలు సతోషి. అట్టి సతోషిలు కొన్నియైన చాలును. ఆ నాణెము విలువలోని హెచ్చుతగ్గులను విచారించుట ఇచట మన పని కాదు. మనము చూడవలసినది మనస్సును. వచ్చిన జాప్‌ల మొత్తము సాధారణముగా ఆ మాట క్రిందనే అందరికి కనబడుచుండును. అప్పుడు ఇచ్చువానికి తన పేరు నలుగురు చూడవలెనను ఆశ పుట్టును. పుచ్చుకొనువానికి ఏ మాటకు ఎక్కువ రాలునో ఆ మాటనే మరల చెప్పవలెనను ఆశ పుట్టును.

కుమ్హారిలో కాపురముండి కర్మాగారమునకు పోయివచ్చు తెలుగు గృహస్థుడొకడు, రాత్రి భోజనానంతరము ఛేర్‌ఛేరా పండుగనుగూర్చి నాలుగు పంక్తులు వ్రాసెననుకొనుడు. శ్రీకాకుళముననుండి ఎవరో చదివి సంతోషించి కొంత పంపిరి. దానిని ప్రసాదముగా గ్రహించినచో దోషము లేదు. మరునాడు ఏమియు రాలేదని నిద్ర చెడగొట్టుకొని, పొరుగువానిని దూషించి వ్రాసిన ఎక్కువ వచ్చునని కనుగొని, ఆ త్రోవ పట్టినచో? ఇచ్చినవాడు దానమే చేసెను; పుచ్చుకొన్నవాడు దానిని జీతముగా మార్చుకొనెను. వీధిలో లేని గేటు మనస్సులో లేచినది.

భగవద్గీత పదునేడవ అధ్యాయమున దానము మూడు విధములుగా విభజింపబడినది. ప్రతిఫలమాశింపక, కర్తవ్యబుద్ధితో, తగిన వేళ తగినవారికి ఇచ్చునది సాత్త్వికము. ఫలము కోరిగాని, నొచ్చుకొనుచుగాని ఇచ్చునది రాజసము. తృణీకారముతో విసరివేయునది తామసము. మనమెన్నడును కలిసికొనబోని ఒక కాపరికి, మన పేరు ప్రకటింపక, నెలకొక చిన్నమొత్తము పంపుటలో సాత్త్వికదానమునకు ఎంత అవకాశమున్నదో చూడుడు. ‘నేనిచ్చితిని గనుక నా మాట చెల్లవలెను’ అనిన క్షణమున అదియే రాజసమగును. తైత్తిరీయోపనిషత్తు ఇచ్చువానికి సిగ్గుండవలెనని బోధించుచున్నది. చేయి చాచువాడు సిగ్గుపడుట లోకమెరిగినది, ఇచ్చువాడేల సిగ్గుపడవలెను? తాను పుచ్చుకొన్నదానితో పోల్చిన తానిచ్చునది ఎంత స్వల్పమో ఎరిగినందున.

ఈయలేనివారి మాటయేమి? వారు దోషులు కారు. గోదావరిసీమలోని లంకలగన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళ గాని వేళ వచ్చినవారికిని అన్నము పెట్టిరి. ఆ విస్తరికి వెల లేదు. తిన్నవారు చెల్లింపగలిగినది ఒక్కటే: తిన్నచోటును శుభ్రముగా ఉంచుట. ధనములేనివాడు ఈ క్రొత్త వీధులలో పరుషవాక్యము పలుకక, క్రొత్తగా వచ్చినవారికి దారి చూపి, కాపరి పనిని తేలిక చేయవచ్చును. అదియు దానమే.

కావున ప్రతి గృహస్థుడును నెలకొకసారి కూర్చుండి, తాను సుంకము లేక అనుభవించుచున్నవానిని లెక్కించుకొనవలెను. వానిలో ఒక్కదానినైన ఎంచుకొని, శక్తికొలది ధనమో శ్రమయో, పేరు చెప్పక, ఎవరును అడుగకముందే సమర్పింపవలెను. ఇచ్చిన పిదప దానిని మరచిపోవలెను. పుచ్చుకొన్నదానిని మాత్రము మరువరాదు. బాట తెరచియున్నదన్న, దానిని ఊడ్చి నీరు చల్లువారెవరో తెల్లవారుజామున లేచియుందురని తెలిసికొని నడచుటయే మనకు ధర్మము.