రక్షించిన చేయి - కొలిచిన కొలువు



12వ శతాబ్దమున కళ్యాణపురమందు బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున కోశాధికారి. రాజుగారి ఉప్పు తినుచునే ఆ మహనీయుడు కులహీనులని త్రోసివేయబడిన వారిని అక్కున జేర్చుకొనెను. అధర్మమునకు తావిచ్చు ప్రభువును సేవించుచు ధర్మము నాచరించుట సాధ్యమా? ఆచరించినచో, ఆ పుణ్యము కొలువు దోషమును కడిగివేయునా?

తగరపువలసకు చేరువనున్న విశాఖపట్టణముపై 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు బాంబులు కురిపించినవి. యుద్ధమనునది దూరదేశపు వార్త కాదని ఆ దినమున ఈ తీరమునకు తెలిసివచ్చినది. ఆ దేశపు సైన్యమే అంతకు ముందు, 1937 డిసెంబరు 13న, చైనాలోని నాంకింగు నగరమును పట్టుకొని ఘోరమైన మారణకాండ సాగించెను. అచట నిలిచి ప్రజలను కాపాడినవారిలో జాన్ రాబె ఒకడు. అతడు సీమెన్స్ సంస్థకు ప్రతినిధియైన జర్మను వర్తకుడు. హిట్లరు నాజీ పార్టీలో సభ్యుడు. కొందరు విదేశీయులతో కూడి ఏర్పరచిన రక్షణ మండలమునకు అతడే అధ్యక్షుడు. అందు 2 లక్షలకు పైగా జనులు తలదాచుకొనిరి. అతని ఇంటి ఆవరణలోనే 600 మందికి పైగా ఆశ్రయము లభించెను. జర్మనీ జపానుకు మిత్రదేశమగుటచే అతని నాజీ చిహ్నమును చూచి జపాను సైనికులు వెనుదీసెడివారు. స్వదేశమున యూదులను వణికించిన గురుతే అచట దీనులకు గొడుగైనది!

1938లో స్వదేశమునకు మరలి, రాబె తాను చూచిన ఘోరములను హిట్లరుకు నివేదించెను. రహస్య పోలీసులు అతనిని నిర్బంధించి, ఇక ఆ విషయము పలుకరాదని శాసించి విడిచిరి. అతడు మౌనము వహించెను. యుద్ధానంతరము పార్టీ సభ్యత్వమే అతనికి సంకెలయైనది; బీదరికమున నున్న అతనికి నాంకింగు ప్రజలు ధనము, ఆహారము పంపిరి. 1950లో మరణించెను.

ఇట్టివానిని కేవలము పుణ్యాత్ముడనుట, కేవలము పాపియనుట రెండును తొందరపాటే. బ్రతికిన ప్రాణము నాజీ సభ్యత్వముచే అసత్యము కాదు. ఆ ప్రాణరక్షణచే నాజీల క్రౌర్యము తేలిక కాదు. ఒకదానినుండి మరియొకదానిని తీసివేసి లెక్క ముగించుటకు ఇది అంగడి చిట్టా కాదు. రెండును శివుని ఎదుట వేరువేరుగా నిలుచును.

కళ్యాణమున హరళయ్య, మధువరసుల కుటుంబముల నడుమ జరిగిన వివాహము రాజదండనకు దారితీసినది. ఆ సంక్షోభమున బసవన్న పదవిని విడిచి కూడలసంగమమునకు తరలెనని శరణ సంప్రదాయము. కొలువు దయకు సాధనమైనంతకాలము అది కాయకము; దయను నోరు మూయుమన్ననాడు అది బంధనము. ఆనాడు బసవన్న పదవిని వదలెను, రాబె మాటను వదలెను. ప్రాణభయమున మౌనము వహించినవానిని నిందించుట సుళువు. ఆ స్థానమున నిలుచుట సుళువు కాదు.

కార్యాలయములలో, కర్మాగారములలో ఒకరి ఆజ్ఞకు లోబడి జీవించు ప్రతి భక్తుడును ఇష్టలింగము నెదుట ఈ ప్రశ్న వేసికొనవలెను: “నా చేతి అధికారము ఎవరికి నీడ? ఎవరికి భయము?” ఈ ప్రశ్న మరువనివాని కాయకమే శివార్పితము.