దూడ వంతు

అహింస పరమధర్మమని మనము చిన్ననాటనుండి వినుచున్నాము. మాంసము ముట్టని యిండ్లలో పుట్టినవారమైనచో, ఆ ధర్మము మనకు పుట్టుకతోనే సంక్రమించినదని తలంచుచున్నాము. పుట్టుకతో వచ్చునది అలవాటు. తాను చేయుచున్నదేమో తెలిసికొని, మంచిచెడ్డలు విచారించి, పూనుకొన్నదే ధర్మము. ఆ విచారమును మన వంటయింటి పాలచెంబు కడనుండి మొదలిడుట మేలని నా యభిప్రాయము.

మా చిన్నతనమున ఇంట నొక గేదె యుండెడిది. అది ఈనినపుడెల్ల జున్ను వండి ఇరుగుపొరుగులకు పంచెడివారము. ఆ మొదటిపాలు ఎవరికొఱకు పుట్టినవని మాలో నెవ్వరును ప్రశ్నించుకొనలేదు. పెయ్యదూడ పుట్టిన సంతోషము, దున్నదూడ పుట్టిన నిట్టూర్పు. ఒక యేడు పుట్టిన దున్నదూడ నెల తిరుగకుండనే చచ్చెను. తల్లి చేపకపోవుటచే, దూడ తోలులో గడ్డి కూరించి దానిముందు నిలువబెట్టిరి. గేదె ఆ తోలును నాకుచు చేపెను, పాలు పిదికిరి. మా అమ్మ చెంబు దించి, "పాపం, దాన్ని మోసం చేశాం గదరా" అని ఒక్కమాట యనెను. ఆ సాయంకాలము నేనును ఆ పాలు త్రాగితిని. ఆ మాట మాత్రము నన్ను నేటికిని విడువలేదు.

పాలు రావలెనన్న పశువు ఈనవలెను. ఈనిన దూడలలో ఇంచుమించు సగము మగవి. పూర్వము కోడెకు కాడియైనను ఉండెడిది. ట్రాక్టరు వచ్చిన పిదప ఆ పనియు తగ్గెను. దున్నదూడకు పాలు విడుచుట నష్టమని దానిని మాడ్చుట పల్లెలయందు ఎఱుగనివారు లేరు. వట్టిపోయిన గేదె సంతకు పోవును. సంతనుండి యెక్కడికి పోవునో అడుగకుండుటయే మన మర్యాద. 1970లో మొదలైన క్షీరవిప్లవము మన దేశమును లోకమున కెల్ల మిక్కిలి పాలు పిదుకు దేశముగా చేసినది. గేదెమాంసమును విదేశముల కంపు దేశములలోను మనది ముందువరుసనే యున్నది. ఈ రెండును ఒక్క పలుపునకు రెండు కొసలు. కావున మాంసము తినువానిని చూచి పాలు త్రాగువాడు గర్వించుటకు కారణము కానరాదు.

ఈ విచారము క్రొత్తది కాదు. కలకత్తాలో పాడిపశువులను పెట్టు బాధలను గూర్చి చదివి, గాంధీమహాత్ముడు 1912లో దక్షిణాఫ్రికాలోని టాల్‌స్టాయి క్షేత్రమున పాలు మానెను. 1918లో మొదలైన జబ్బుచే క్షీణించి మంచము పట్టినపుడు, వ్రతము పూనునాడు తన మనస్సున నున్నవి ఆవుపాలును గేదెపాలునే గావున, కస్తూరిబా సూచింపగా మేకపాలకు ఒప్పుకొనెను. వ్రతములోని మాట దక్కినదే గాని దాని ప్రాణము దక్కలేదని తన యాత్మకథలో దాచక వ్రాసికొనెను. తన లోపమును తానే లెక్కకట్టుకొను ఈ గుణము ఆ వ్రతముకంటె గొప్పదని నాకు తోచును. పిమ్మట 1944లో ఇంగ్లండున డొనాల్డు వాట్సనును ఆయన మిత్రులును, పాలు గ్రుడ్లు సైతము విడిచినవారికై వేరు సంఘమును స్థాపించి, 'వీగను' అను క్రొత్తమాటను పుట్టించిరి. సాధ్యమైనంతవరకు జంతువులను పీడింపకుండుటయే తమ నియమమని నేడు ఆ సంఘము చెప్పుచున్నది. 'అయినంతవరకు' అనుటలో వినయము గలదు.

ఆ వినయము నాకు లోపించిన దినమొకటి కలదు. పాలు మానిన క్రొత్తలో, పనిమీద ఒక పల్లెకు పోయి, దళితవాడలో ఒక యింటి అరుగుపై కూర్చుంటిని. ఎండ మిక్కుటముగ నుండెను. ఆ యింటి ఇల్లాలు చెంబుతో మజ్జిగ తెచ్చి యిచ్చెను. వలదంటిని. ఆమె ముఖము చిన్నబోయెను. ఒక నిమిషమూరకుండి, "నీళ్లయినా తాగుతారా, అయ్యా?" అని యడిగెను. నాకు నోట మాట రాలేదు. జీవకారుణ్యముచే వలదంటినని నేననుకొంటిని. ఆమె విన్న 'వద్దు' మాత్రము తాతముత్తాతలనాటిది. నీరు పుచ్చుకొని త్రాగి, నా నియమమును వివరించితిని. ఆమె నమ్మినదో లేదో నేటికిని నాకు తెలియదు.

మనదేశమున ఏ ఆహారనియమమును కులమును విడిచి ఒంటరిగ నిలువలేదు. పశువు బ్రతికియున్నన్నాళ్లు దాని పాలు త్రాగినవారు పవిత్రులైరి. అది చచ్చిన పిమ్మట ఎత్తి, తోలొలిచి, చెప్పులు కుట్టి యిచ్చినవారు అంటరానివారైరి. 2016 జూలైలో గుజరాతులోని ఊనా ప్రాంతమున, చచ్చిన యావు తోలు నొలుచుచున్న దళితులను గోరక్షకులమని చెప్పుకొన్నవారు కట్టి కొట్టిరి. అటుపిమ్మట అక్కడి దళితులనేకులు ఇక కళేబరముల నెత్తబోమని ప్రతినపూనిరి. పట్టణములలో నేటికిని, శాకాహారులకే ఇల్లద్దెకిత్తుమను మాట చాటున కులమును కనుగొనుట కలదు. ఇట్టిచోట పాలు మానుటయు మఱియొక మడిగా మాఱుట యెంతసేపు? పశువును కరుణించి మనుష్యుని దూరముంచు నియమము, ఎంత కఠినమైనదైనను, మనస్సును పెంచదు, అహంకారమునే పెంచును.

ఒక్క గేదెను నమ్ముకొని బిడ్డలను చదివించుకొను వితంతువు సంగతి యేమని యడుగువారున్నారు. న్యాయమైన ప్రశ్నయే. అనంతపురము వంటి కఱవుసీమలో వేరుసెనగ పండని యేట ఎన్నో యిండ్ల పొయ్యిని పాడియే వెలిగించును. ఆమెను నిందించు హక్కు నాకు లేదు. మొదట మానవలసినవారము, ఎంచుకొనుటకు వీలున్నవారము: దినమునకు నాలుగు కాఫీలు త్రాగువారము, పెండ్లిండ్లలో విస్తళ్లపై పెరుగు విడిచి లేచువారము. మనము మిగిల్చిన రూకలు ఆమెవంటివారు పండించు రాగులకును కందులకును తగిన వెలయై చేరునట్లు చూచుటయు ఈ వ్రతములో భాగమే.

మాననెంచినవారు తెలివితో మానవలెను. నువ్వులు, రాగులు, మునగాకు ఎముకలకు కావలసిన కాల్షియము నిచ్చును. పప్పులు మాంసకృత్తుల నిచ్చును. బి12 విటమిను మాత్రము మొక్కలనుండి నమ్మకముగ లభింపదు గావున దానిని వేఱుగ పుచ్చుకొనవలెను. పసిబిడ్డలకును గర్భిణులకును వైద్యుని సలహా లేక ఆహారము మార్పరాదు.

పిదుకునపుడు ఒక చన్ను దూడకు విడువవలెనని మా తాతగారు చెప్పెడివారు. ఎన్నిమారులు విడిచిరో చెప్పలేను గాని, దూడకు వంతొకటి కలదని యొప్పుకొనిరి. ఆ పల్లెలో మజ్జిగ వలదన్నందుకు నేను చింతింపను. ఆ మాటకు ముందే నీరిమ్మని నోరార అడుగనందుకు చింతించుచున్నాను. చదువరులారా, మీరు పాలు మానినను మానకున్నను, రేపటి ఉదయము చెంబు చేతికెత్తుకొన్నపుడు ఆ దూడను, ఆ యిల్లాలిని ఒక్కమారు తలచుకొనుడు.